విల్లుతో జింక వేటకు భూమి కౌలుకు పట్టడం ఎలా: డల్లాస్ ఉత్తరాన ఉన్న మనవాళ్లకు

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది పూర్తిగా టెక్సస్ సంగతి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం, సొంత పొలంలో అయినా సరే జైలుకు పోతారు. కాబట్టి ఇది చదివి ఊళ్లో ఉన్న బావమరిదికి ఫార్వర్డ్ చేసి "సంక్రాంతికి వస్తా, రెడీగా ఉండు" అనకండి.

ఇక్కడ లెక్క వేరు. టెక్సస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటు వాళ్లదే. కొలరాడో లాంటి పడమటి రాష్ట్రాల్లో అయితే ప్రభుత్వ అడవులు కనుచూపు మేర ఉంటాయి, లైసెన్సు తీసుకుని వెళ్లిపోవచ్చు. ఇక్కడ మాత్రం విల్లు కొని, ఆరు నెలలు రేంజిలో భుజాలు నొప్పెట్టేదాకా బాణాలు వేసి, లైసెన్సు కూడా చేతికొచ్చాక అప్పుడు తడుతుంది మనకి, అసలు నిలబడటానికి చోటేది అని. ఆ చోటు డబ్బిచ్చి తీసుకోవడాన్నే ఇక్కడ డీర్ లీజ్ అంటారు. మన భాషలో చెప్పాలంటే వేట కౌలు.

నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను, ఒకసారి కుక్క తరిమితే కారెక్కి అద్దాలు వేసుకున్నాను, మూడో ఏడు గానీ మంచి చోటు దొరకలేదు. ఆ తిప్పలు మీకు కొంచెం తగ్గితే చాలు.

విల్లుకు ఎంత భూమి కావాలి?

వెబ్‌సైట్లలో లీజులు చూస్తే ముందు గుండె ఆగుతుంది. 800 ఎకరాలు, 1,500 ఎకరాలు, మనిషికి వేలకు వేల డాలర్లు. అవన్నీ రైఫిల్ వాళ్ల లెక్కలు. రైఫిల్‌తో రెండొందల గజాలు అవతల ఉన్నదాన్ని కొడతారు, వాళ్లకి అంత జాగా కావాలి. విల్లు పట్టినవాడు 20, 25 గజాల లోపు కొట్టాలి, నాలాంటివాడైతే 20 దాటకూడదు. అంటే మనకి కావలసింది జింకలు నడిచే ఒక ఇరుకు దారి, దాని పక్కన ఒక చెట్టు, గాలి సరిగ్గా ఉన్న రోజు అక్కడికి చప్పుడు లేకుండా చేరే తోవ. ఇది 30 ఎకరాల్లో దొరకొచ్చు, 300 ఎకరాల్లో దొరక్కపోవచ్చు. (ఎకరం ఇక్కడా ఎకరమే, మన నూరు సెంట్లే. ఇంత దూరం వచ్చాక మారని కొలత ఇదొక్కటే అనుకుంటా.)

ఒక జింక తిరిగే మేర చాలా పెద్దది, అది మీ 40 ఎకరాల్లోనే కాపురం ఉండదు. ఎక్కడో పడుకుంటుంది, ఇంకెక్కడో మేస్తుంది, మధ్యలో మీ వాగు వెంట నడిచి వెళ్తుంది. ఆ నడక మీకు చాలు.

ఇంకొకటుంది, మన కాలనీల్లో చాలామందికి తెలియదు. కాలిన్, డల్లాస్, గ్రేసన్, రాక్‌వాల్, ఈ నాలుగు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) వైట్‌టెయిల్ అనే ఇక్కడి మామూలు జింకను రైఫిల్‌తో కొట్టకూడదు, విల్లు, క్రాస్‌బో (మీట నొక్కితే బాణం వదిలే అడ్డవిల్లు) మాత్రమే. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ప్రాస్పర్, సెలైనా అన్నీ పూర్తిగానో చాలావరకో కాలిన్ కౌంటీలోనే ఉన్నాయి కదా. అంటే మన గుమ్మం ముందే రైఫిల్ వాళ్ల పోటీ లేని చోటుంది. ఊరు పెరిగి ఇళ్లు దగ్గరైపోయి తుపాకీ పనికిరాని చిన్న చిన్న ముక్కలు మనకి బంగారం. నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్లే పెద్ద రాంచ్ కంటే ఆఫీసు నుంచి ముప్పావు గంటలో చేరే 40 ఎకరాలు మేలు, ఎందుకంటే దూరం పోతే సీజన్‌కి మూడుసార్లు వెళ్తారు, దగ్గరైతే పదిహేనుసార్లు వెళ్తారు.

ముందు మన కాగితాలు

భూమి అడగడానికి వెళ్లేముందే ఇవి జేబులో ఉండాలి. ఆసామి అడిగితే "తీసుకుంటానండీ" అనడం వేరు, తీసి చూపించడం వేరు.

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు: 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ తప్పనిసరి. 17 ఏళ్లు దాటితే మొత్తం ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. ఒక శనివారం పోతుంది, అంతే.

లైసెన్సు: టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది, ఆగస్టు మధ్యలో కొత్తవి అమ్మకానికి వస్తాయి, మరుసటి ఆగస్టు 31 దాకా చెల్లుతాయి. రాష్ట్రంలో ఆరు నెలలకు మించి వరసగా ఉన్నవాళ్లు రెసిడెంట్ కింద వస్తారు, పౌరసత్వంతో పని లేదు. రెసిడెంట్‌కి అయ్యేది కొద్దిపాటి డాలర్లే, బయటి రాష్ట్రం వాడికి మాత్రం వందల్లో అవుతుంది. దాని మీద విల్లు వేటకు ఆర్చరీ ఎండార్స్‌మెంట్ అని ఇంకో చిన్న మొత్తం కట్టాలి. మామూలు కౌంటీల్లో అది ఆర్చరీ సీజన్‌కే అవసరం, పైన చెప్పిన నాలుగు కౌంటీల్లో మాత్రం సీజన్ మొత్తం ఉండాలి. ఆర్చరీ సీజన్ సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్ మొదట్లో మొదలై నవంబర్ మొదటి వారం దాకా, ఆ తర్వాత మిగతా కౌంటీల్లో తుపాకులకూ వీలుండే జనరల్ సీజన్ జనవరి దాకా. కౌంటీకో లెక్క ఉంటుంది, ఎన్ని మగవి, ఎన్ని ఆడవి అని. శాఖ వెబ్‌సైట్లో కౌంటీ పేజీ ప్రతి ఏడూ కొత్తగా చదవాలి, పోయినేడు గుర్తుంది కదా అనుకుంటే ఫైన్ పడుతుంది.

హెచ్‌1బీ మీద ఉన్న తమ్ముళ్లు ఎప్పుడూ అడిగేది ఇది: "అన్నా, మనం చేయొచ్చా?" నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పెట్టుకోవడం మీద ఫెడరల్ చట్టంలో ఆంక్ష ఉంది, వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపూ ఉంది, అదొక పెద్ద పురాణం. విల్లు ఆ చట్టం దృష్టిలో తుపాకీ కాదు, కాబట్టి ఆ గొడవే లేదు. కానీ ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. అనుమతి లేకుండా వేరేవాళ్ల భూమిలో అడుగుపెట్టి కేసు పడితే పక్కవాడికి ఫైన్, లాయరు ఖర్చుతో పోతుంది, మనకి దాని మీద వీసా టెన్షన్ కూడా. నేనింత జాగ్రత్తగా ఉండటానికి సగం కారణం అదే.

మ్యాప్ ముందు కూర్చోవడం

ఇది ఫిబ్రవరిలో చేయాల్సిన పని. జనవరిలో సీజన్ అయిపోతుంది, పాత లీజుల వాళ్లు ఉంటారో పోతారో అప్పుడే తేలుతుంది, చెట్లకు ఆకులుండవు కాబట్టి జింకల తోవలు రోడ్డు మీంచే కనిపిస్తాయి. సెప్టెంబర్‌లో అడిగేవాడికి మిగిలేది ఎవరికీ అక్కర్లేని ముక్కే.

ఆన్‌ఎక్స్ హంట్ లాంటి యాప్‌లో ఉపగ్రహ చిత్రం మీద హద్దులు, యజమాని పేరు కనిపిస్తాయి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్ ఉచితం. ప్రతి కౌంటీకీ ఒకటుంది, ఇంటి పన్ను ప్రొటెస్ట్ చేయడానికి మనమంతా ఏటా వెళ్లే చోటే. మ్యాప్ మీద ముక్క నొక్కితే ఎన్ని ఎకరాలు, ఎవరి పేరు, ఉత్తరాలు ఏ చిరునామాకు వెళ్తాయి, వ్యవసాయ భూమి కింద పన్ను తగ్గింపు ఉందా లేదా, అన్నీ చెబుతుంది.

ఏం వెతకాలి? రెండు పొలాల మధ్య వాగు, వాగు వెంట చెట్లు. చిక్కటి పొదలు ఒకచోట, మేత ఇంకోచోట, ఆ రెంటినీ కలిపే సన్నటి చెట్ల వరస. చెరువు గట్టుకీ కంచెకీ మధ్య ఇరుకు. జింక బయలు దాటడానికి ఇష్టపడదు, మరుగు చూసుకుని నడుస్తుంది, కాబట్టి ఆ మరుగు ఎక్కడ సన్నబడుతుందో అక్కడ వేలు పెట్టండి.

తర్వాత గాలి. ఎంత మంచి చోటైనా మన వాసన దాని ముక్కుకు తగిలితే అంతే సంగతులు. ఇక్కడ ఎక్కువ రోజులు గాలి దక్షిణం నుంచి వీస్తుంది, చలిగాలులు దిగిన రోజుల్లో ఉత్తరం నుంచి. అంటే మామూలు రోజున మన వాసన ఉత్తరానికి పోతుంది. జింకలు మనకి దక్షిణాన ఉండాలి, మనం ఉత్తరం వైపు నుంచి లోపలికి రావాలి. గేటు దక్షిణాన ఒక్కటే ఉండి, జింకలు పడుకునే పొద ఉత్తరాన ఉంటే ఆ భూమి ఎంత అందంగా ఉన్నా మార్కులు తగ్గించండి. వాస్తు చూసినట్టు చూస్తున్నాడేంట్రా అని మా ఆవిడ నవ్వింది గానీ, ఇందులో ఈశాన్యం కంటే గాలి ముఖ్యం.

ఇలా ఒక ఇరవై ముక్కలు రాసుకోండి. అందులో అయిదారుగురు జవాబిస్తారు, ఇద్దరు మాట్లాడతారు, ఒకరు ఇస్తారు. నా అనుభవం ఇది, మీ జాతకం ఇంకా బాగుండొచ్చు.

ఒక ముఖ్యమైన వడపోత: ఆ ముక్క ఊరి పరిధిలో ఉందా? సిటీ లిమిట్స్ లోపలుంటే బాణం వేయడం మీద ఒక్కో ఊరికి ఒక్కో నిబంధన ఉంటుంది. ఊరి సరిహద్దు అవతల, ఊరు ముందుముందు కలుపుకునే ప్రాంతంలో అయితే 10 ఎకరాలకు తగ్గకుండా ఉండి, ఇళ్లకు 150 అడుగులకు మించి దూరంలో ఉండి, బాణం హద్దు దాటే అవకాశం లేకపోతే ఊరు అడ్డు చెప్పకూడదని రాష్ట్ర చట్టం. ఊరి సరిహద్దులు ఇక్కడ ఏడాదికోసారి జరుగుతుంటాయి కాబట్టి పోలీసుల నాన్‌ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి అడిగేయండి. వాళ్లకి అలవాటే.

మనవాళ్ల భూములు

డల్లాస్ ఉత్తరాన, సెలైనా, ఆనా, వ్యాన్ ఆల్‌స్టీన్, షెర్మన్ వైపు మనవాళ్లు నలుగురైదుగురు కలిసి ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి కొన్న భూములు ఎన్నో. పది, ఇరవై, యాభై ఎకరాలు. రేటు పెరిగేదాకా ఊరికే ఉంటాయి. పన్ను తగ్గింపు పోకుండా గడ్డి కోసుకునేవాడికో, ఆవులు మేపుకునేవాడికో ఇచ్చి ఉంటారు. కొన్నాక రెండుసార్లు కూడా వెళ్లి చూసి ఉండరు. అప్రైజల్ వెబ్‌సైట్లో యజమాని పేరు చోట మన దేవుళ్ల పేర్లతో ఎల్‌ఎల్‌సీలు కనిపిస్తే అర్థం చేసుకోండి.

నేను మొదట అటే వెళ్లాను. తెలిసినాయన ద్వారా ఒకాయనకి ఫోన్ చేశాను. "అన్నా, మీ 46 ఎకరాల్లో విల్లుతో జింక వేటకు ఒక చెట్టు కావాలి" అంటే రెండు నిమిషాలు నవ్వాడు. "జింకలా? మన ల్యాండ్‌లోనా? కొనేటప్పుడు బ్రోకర్ చెప్పలేదే!" బాగానే మాట్లాడాడు, గ్రూపులో అడుగుతానన్నాడు. ఆరుగురు భాగస్వాములు. అయిదుగురు సరేనన్నారు, ఆరో ఆయన ఇంట్లో ఒప్పుకోలేదు, మేం కొన్న భూమిలో జీవహింస వద్దన్నారు. అంతే, అక్కడితో ఆపేశాను. ఇంకోసారి అడగలేదు, మీరూ అడగొద్దు. అది వాళ్ల భూమి, వాళ్ల మనసు, అందులో వాదించడానికేమీ లేదు.

ఎల్‌ఎల్‌సీ భూమి అయితే ఒక్కరు "ఓకే బ్రో" అంటే సరిపోదు. సంతకం చేసే అధికారం ఎవరికుందో వాళ్లు చేయాలి. అలాగే అక్కడ ముందే గడ్డికో ఆవులకో కౌలు ఉంటే ఆ కౌలుదారుతో మాట్లాడకుండా దిగొద్దు. ఆయన ట్రాక్టరు మీ స్టాండ్ (వేటకు చెట్టు మీద కట్టుకుని కూర్చునే పీట) కింద తిరుగుతుంటే ఇద్దరికీ కోపమే.

అసలు చోటు నాకు దొరికింది ఆ గడ్డి కోసే ఆయన వల్లే. ఈ 46 ఎకరాలు కుదరలేదని చెప్పడానికి ఆయన్ని కలిశాను, మర్యాదకి. అరగంట అడవి పందుల గురించి తిట్టుకున్నాడు. పోతూ పోతూ "అవతల పెద్దావిడ ఒకరున్నారు, వాళ్లాయన పోయాక ఎవరినీ రానివ్వడం లేదు, నేను చెప్పి చూస్తా" అన్నాడు. ఏ యాప్‌లోనూ ఆ 38 ఎకరాలు లీజుకు లేవు, ఇప్పటికీ లేవు.

అందుకే చెబుతున్నా, యజమాని కంటే ముందు ఆ భూమి మీద పని చేసేవాణ్ని పట్టుకోండి. గడ్డి కోసేవాడు, ఆవులవాడు, కంచె వేసేవాడు, ఫీడ్ స్టోర్ (పశువుల దాణా కొట్టు) కౌంటర్లో ఉన్నాయన. ఫీడ్ స్టోర్‌లో నోటీసు బోర్డు ఉంటుంది, అక్కడ మొక్కజొన్న బస్తా కొంటూ మాటలు కలపండి. ఊరి వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చందా కోసం బార్బెక్యూ ప్లేట్లు అమ్ముతారు, వెళ్లి తినండి. మన పల్లెలో కొత్తవాడు వస్తే టీ కొట్టు దగ్గర ఆరా తీస్తారు కదా, ఇక్కడా అంతే, టీకి బదులు కాఫీ.

అడగడం

ఎదురుగా వెళ్లి తలుపు కొట్టడం గురించి చాలామంది ఉత్సాహంగా చెబుతారు. నా సలహా కాస్త వేరు. గేటు మూసి ఉంటే దాటొద్దు, "ఇంటిదాకా వెళ్లి అడిగొస్తాలే" అని కూడా వద్దు. కంచె స్తంభాల మీద, చెట్ల మీద ఊదా రంగు నిలువు గీతలు కనిపిస్తే దానర్థం లోపలికి రావద్దని, బోర్డు పెట్టినట్టే లెక్క, టెక్సస్ చట్టంలోనే ఉంది. మన మొహాలు వాళ్లకి కొత్త, ఆ మాట దాచి లాభం లేదు. ముందు ఉత్తరం వేయండి. చేత్తో రాసింది, ఒక పేజీ మించకుండా. పేరు, ఏ ఊళ్లో ఉంటారు, ఏం ఉద్యోగం, ఎన్నేళ్లుగా ఇక్కడున్నారు, విల్లు మాత్రమే, ఒక్కరే వస్తారు, డబ్బిస్తారు, ఫోన్ నంబరు. కుటుంబంతో ఉన్న ఫొటో ఒకటి పెడితే తప్పేం కాదు, నేను పెట్టాను. పది రోజులకు జవాబు రాకపోతే ఒక ఫోన్ కాల్. అంతకు మించి వెంటపడొద్దు.

కలవడానికి రమ్మంటే పగటిపూట వెళ్లండి, ఆదివారం పొద్దున చర్చి టైములో వద్దు, కామో బట్టలు (ఆకుల రంగు వేట బట్టలు) అసలొద్దు. సర్, మ్యామ్ అనండి. మగవాళ్లు పిల్లాణ్ణో ఆవిడనో తీసుకెళ్తే వాతావరణం తేలికవుతుంది.

అక్కడ మొదటి మాట జింకల గురించి వద్దు. యజమాని భయాలేంటో మనకి తెలుసు, ఎందుకంటే మన ఇళ్లలోనూ కౌలుకిచ్చారు. మన ఊళ్లో కౌలు కాగితం మీద సంతకం అంటే ఆసామి వణుకుతాడు, భూమి ఎక్కడ పోతుందోనని. 2019లో ఆంధ్రాలో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందమే, భూమి మీద హక్కు రాదు అని రాసిచ్చినా ఆ భయం పూర్తిగా పోలేదు. ఇక్కడి ఆసామి భయాలు వేరు: గేటు తెరిచి పోతే ఆవులు రోడ్డెక్కుతాయి, కంచె తెగుతుంది, బీరు సీసాలు పడేస్తారు, ఒకడికిస్తే పదిమందిని తెస్తాడు, చెట్టు మీంచి పడి కేసు వేస్తాడు. ఆయన అడక్కముందే వీటికి జవాబు చెప్పండి. "నేనొక్కణ్ణే, ఇదే కారు, వచ్చే ముందు మెసేజ్ పెడతా, గేటు ఎలా ఉంటే అలాగే వదులుతా, సొంతంగా ఇన్సూరెన్స్ తీసుకుంటా." పెద్దావిడ దగ్గర నేను జింక అనే మాట ఎత్తకముందే ఆవిడే అడిగింది, "పందుల సంగతి చూస్తావా?" అని.

పందులు మనకి పెద్ద వరం. టెక్సస్‌లో అడవి పందులు పొలాలు దున్నేస్తాయి, ప్రతి ఆసామికీ వాటి మీద కసి. 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో పందుల్ని వేటాడటానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. జింకలకు ఒప్పుకోని ఆసామి పందులకు ఒప్పుకుంటాడు. వేసవంతా పందుల పని చేసి నమ్మకం తెచ్చుకుని, ఆగస్టులో జింకల మాట ఎత్తొచ్చు.

డబ్బుతో పాటు ఇచ్చేవి కూడా ఉన్నాయి. కంచె కట్టడం మనకి రాదు, నేర్చుకోవాలి. కానీ కంప్యూటర్ పని వచ్చు కదా! ఆవిడ గేటు దగ్గర సెల్ కెమెరా పెట్టి, ఎవరొచ్చినా ఆవిడ ఫోన్‌కి ఫొటో వెళ్లేలా చేసిచ్చాను. ఆ రోజు నుంచి నన్ను కౌలుదారుగా చూడటం మానేసింది, వైఫై ఆగినా నాకే ఫోన్.

వెబ్‌సైట్ల గురించి

హంటింగ్ లీజులు పెట్టే సైట్లు ఉన్నాయి, వేరే కౌంటీలకు వెళ్లాలనుకుంటే పనికొస్తాయి. రకరకాలుగా ఉంటాయి: రోజుకి ఇంత, సీజన్‌కి ఇంత, ఏడాది మొత్తానికి ఇంత, ఎకరానికి ఇంత. "పర్ గన్" అని ఉంటే మనిషికి అని, చేతిలో విల్లున్నా మీరు గన్నే.

నా మొదటి డబ్బు ఇక్కడే పోయింది. ఫొటోలు బ్రహ్మాండం, ఫోన్‌లో మాట తేనె, "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఇవాళ సగం పంపితే ఉంచుతా" అన్నాడు. పంపాను. వెళ్లి చూస్తే గేటు దగ్గర వేరే ఆయన, అది ఆయన భూమి, ఆయనకి లీజు సంగతే తెలియదు. అప్పటి నుంచి నాకు రెండే నియమాలు: అప్రైజల్ వెబ్‌సైట్లో పేరు, ఎదురుగా ఉన్న మనిషి పేరు కలవాలి, భూమి మీద కాళ్లు పెట్టకుండా రూపాయి పంపకూడదు. ఇంకొకటి, డబ్బు తీసుకుని వేటకు భూమి ఇచ్చే యజమాని దగ్గర రాష్ట్రం ఇచ్చే హంటింగ్ లీజ్ లైసెన్సు ఉండాలి, ఎకరాలను బట్టి దాని ఫీజు. అడగండి. ఉంటే మంచి గుర్తు. పెద్దావిడ లాంటివాళ్లకి ఆ సంగతే తెలియదు, అప్పుడు మీరే ఆ ఫీజు కట్టి తీయించి ఇవ్వండి.

భూమి నడిచి చూడటం

డబ్బివ్వకముందు ఒక పూట నడవండి, వీలైతే యజమానితోనే. వాగు ఒడ్డున అడుగులు, చెట్ల మొదళ్ల మీద కొమ్ములు రుద్దిన గీతలు, కంచె కింద దూరిన చోట తీగకు అంటుకున్న వెంట్రుకలు. పక్క భూముల్లో ఎవరు వేటాడుతున్నారో అడగండి. వాళ్ల స్టాండ్‌లు మీ కంచెకు ఆనుకుని ఉంటే ఆలోచించండి.

పక్కవాళ్ల గురించి అడగమనడానికి ఇంకో పెద్ద కారణం ఉంది, విల్లు వాళ్లకి ఇది ప్రాణం. బాణం తగిలిన జింక అక్కడే పడదు. బాగా తగిలినా వంద గజాలు పరిగెడుతుంది, 38 ఎకరాల్లో వంద గజాలంటే కంచె అవతల పడొచ్చు. టెక్సస్‌లో మీరు కొట్టిన జింకైనా సరే, పక్క భూమిలో పడితే ఆ యజమాని అనుమతి లేకుండా వెళ్లి తెచ్చుకోకూడదు. రాత్రి ఎనిమిదింటికి టార్చి పట్టుకుని ముక్కూమొహం తెలియని వాడి తలుపు కొట్టే పరిస్థితి తెచ్చుకోకండి. కౌలు కుదిరిన వారంలోనే చుట్టుపక్కల ఆసాములందర్నీ కలిసి ఫోన్ నంబర్లు తీసుకోండి. ఒకరు రానివ్వనంటే ఆ కంచెకు దగ్గరగా స్టాండ్ కట్టకండి.

కాగితం

పెద్దావిడ "మాట చాలు బాబూ" అన్న అర్థంలో ఏదో అంది. మాట చాలదు. టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ వాళ్ల దగ్గర వేట కౌలు ఒప్పందం నమూనాలు దొరుకుతాయి, దాన్ని పట్టుకుని మార్చుకోండి. ఇవి మాత్రం తప్పకుండా ఉండాలి: ఎవరెవరు రావచ్చు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, హద్దులతో మ్యాప్, ఎంత డబ్బు ఎప్పుడు, పందులూ ఇందులో ఉన్నాయా, కెమెరాలూ ఫీడరూ (జింకలకు మొక్కజొన్న వేసే డబ్బా) పెట్టొచ్చా, ఇంకెవరికైనా వేటకు ఇస్తారా ఇవ్వరా, యజమాని కొడుకులూ మేనల్లుళ్లూ సీజన్‌లో వస్తారా. ఈ ఆఖరిది అడగడం మొహమాటంగా ఉంటుంది. అడగండి. థాంక్స్‌గివింగ్ రోజు మీ స్టాండ్‌లో ఎవరో కూర్చుని ఉంటే ఇంకా మొహమాటం.

నా రెండో డబ్బు పోయిన కథ కూడా వినండి. ఆ ఏడు ఒక మంచి ముక్క దొరికింది, సీజన్‌కి మొత్తం ముందే కట్టేశాను. అక్టోబర్ మూడో వారం వెళ్తే వాగు పక్కన బుల్డోజర్ నిలబడి ఉంది. ఆయన ఇళ్ల కంపెనీకి అమ్మేశాడు. డబ్బు తిరిగిమ్మంటే కాగితంలో ఏముందో చూపించమన్నాడు, కాగితమే లేదు. కాబట్టి ఈ ప్రాంతంలో ఒక వాక్యం ఉండి తీరాలి: భూమి అమ్ముడుపోయినా, పనులు మొదలైనా మిగిలిన రోజులకు లెక్కగట్టి డబ్బు తిరిగివ్వాలి. నేను చేసే ఇంకో పని, సగం ఇప్పుడు, సగం నవంబర్ ఒకటిన.

బాధ్యత సంగతి: వినోదానికి భూమి ఇచ్చిన యజమానికి టెక్సస్ చట్టంలో కొంత రక్షణ ఉంది, అయినా వాళ్లకి ధైర్యం రాదు. వేట కౌలు ఇన్సూరెన్స్ విడిగా దొరుకుతుంది, చిన్న భూమికి పెద్ద ఖర్చు కాదు. యజమాని పేరు కూడా అందులో చేర్పించి కాపీ చేతికివ్వండి. చెట్టెక్కేటప్పుడు నేల మీంచి నేల దాకా హార్నెస్ (కింద పడకుండా ఒంటికి వేసుకునే పట్టీలు) కట్టుకునే ఉంటానని కూడా రాసివ్వండి, రాసిచ్చాక కట్టుకోండి.

ధర ఎంత అంటే, ఉత్తర టెక్సస్‌లో నాకు తగిలినవి ఎకరానికి పది నుంచి ఇరవై అయిదు డాలర్ల మధ్య. కానీ 38 ఎకరాల చిన్న ముక్కకు ఎకరం లెక్క వేస్తే ఆసామికి గేటు తీసిన శ్రమకు కూడా రాదు, కాబట్టి మొత్తంగా ఒక అంకె మాట్లాడుకోవడమే మర్యాద. ఎక్కువ బేరమాడకండి. నేను రెండొందలు తగ్గించమని అడగబోయి ఆగాను, అదే మంచిదైంది.

కుదిరాక

వచ్చేటప్పుడు మెసేజ్, వెళ్లేటప్పుడు మెసేజ్. చెట్లకు మేకులు, స్క్రూ మెట్లు కొట్టకండి, పట్టీలతో కట్టేవి వాడండి. వానపడ్డాక కారు పొలంలోకి తోలితే చాళ్లు పడతాయి, గేటు దగ్గరే పెట్టి నడవండి. మొక్కజొన్న ఫీడర్ ప్రైవేటు భూమిలో పెట్టడం ఇక్కడ చట్టబద్ధమే గానీ ఆవులున్నచోట చుట్టూ కంచె ప్యానెల్స్ లేకపోతే మొదటి రోజే ఖాళీ. ఫ్రెండ్స్‌ని "ఒక్కసారి చూసి వెళ్తాం" అని తేవద్దు, ఫొటోలు వాట్సాప్‌లో లొకేషన్‌తో పెట్టొద్దు. జింక పడితే వెంటనే ట్యాగ్ (లైసెన్సుతో వచ్చే చీటీ) కట్టాలి, లైసెన్సు వెనక లాగ్ నింపాలి. మాంసం అమ్మకూడదు. యజమానికి కావాలా అని ముందే అడగండి, మా పెద్దావిడకి వెనక తొడలు ఇష్టం. పేగులూ ఎముకలూ వాగులో పడేయకండి, జింకల్లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు టెక్సస్‌లో 2012 నుంచీ కనిపిస్తోంది, కళేబరం ఎక్కడ పారేయాలో దానికీ నిబంధనలున్నాయి.

ఒకవేళ ఈ ఏడు ఎక్కడా కుదరకపోతే ఊరికే కూర్చోకండి. గ్రేసన్ కౌంటీలో టెక్సోమా సరస్సు పక్కనున్న హాగర్‌మన్ వన్యప్రాణి ఆశ్రయంలో లాటరీ పద్ధతిలో విల్లు వేట పెడతారు, దరఖాస్తు చేయండి. లేదా టెక్సస్ మధ్యలో ఉన్న హిల్ కంట్రీలో ఒకరోజు లీజు తీసుకుని యాక్సిస్ జింకకు వెళ్లండి. యాక్సిస్ అంటే ఇంకేదో కాదు, మన చుక్కల దుప్పే. 1930లలో ఇండియా జాతిని టెక్సస్‌కి తెస్తే కంచెలు దాటి ఊళ్లూళ్లు పెరిగాయి. ఇక్కడ అది పరాయి జంతువు కింద లెక్క, లైసెన్సు ఉంటే చాలు, సీజన్ లేదు, ఇన్నే అనే పరిమితి లేదు. మొదటిసారి చెట్టు మీంచి దాన్ని చూసినప్పుడు నాకు చెయ్యి లేవలేదు, చిన్నప్పుడు జూ పార్కులో పల్లీలు వేసిన జింక అది. ఆ రోజు బాణం వేయకుండానే దిగొచ్చాను.

జనవరిలో సీజన్ అయిపోయిన వారం లోపు స్టాండ్ పట్టీలు వదులు చేయండి, చెట్టు పెరిగితే తెగుతాయి. కెమెరాలు తీసేయండి, విరిగిన కంచె ముక్క ఏదైనా కనిపిస్తే కట్టేయండి. ఫిబ్రవరి పదో తేదీ లోపు వచ్చే ఏడాది డబ్బులో సగం చెక్కు రాసి, యజమాని అడక్కముందే వెళ్లి చేతికివ్వండి.